మన్యమున మత్తుపదార్థముల చరిత్రము

1. పాఠమునకు కారణము

రాజవొమ్మంగి యనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చునది 1922 వ సంవత్సరము ఆగస్టు 24 వ తేదీ. ఆ నెల 22 న చింతపల్లిని, 23 న కృష్ణదేవిపేటను, 24 న రాజవొమ్మంగిని అల్లూరి సీతారామరాజుగారు ముట్టడించి, పోలీసుఠాణాలలోని తుపాకులను తీసికొనిరి. ఇచ్చటి ఠాణాలో బంధింపబడియుండిన మొట్టడం వీరయ్యదొరను విడిపించిరి. ఈ కథ బాలురకు సయితము తెలియును. కాని దానికి ముందు జరిగిన సంగతిని మనలో పెక్కుమంది మఱచితిమి. ఆయుధము పట్టుటకు పూర్వము ఆయన మన్యపు గ్రామములలో తిరుగుచు, త్రాగుడు మానుడనియు, తగవులను కోర్టులకెక్కింపక పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించుచుండెను. ఠాణాపై దాడి మూడు దినముల పని. త్రాగుడుపై బోధ అంతకంటె చాలకాలము సాగినపని. నూరేండ్లు గడచినను ముగియని పనియు నదియే.

ఈ పాఠము వ్రాయుటకు నన్ను ప్రేరేపించినది చరిత్ర కాదు. కొన్ని యేండ్లక్రిందట కొండదొరల స్త్రీ యొకతె నాయొద్దకు వచ్చెను. ఆమె కుమారుడు ఇరువది రెండేండ్లవాడు. గంజాయి మూటలు మోసికొనిపోవుచు పట్టువడి జైలులో నుండెను. జామీను దొరకలేదు. అది యేల దొరకలేదో నేను చట్టపు మాటలతో వివరించితిని. ఆమె యంతయు విని, “బాబూ, మావాడు పండించినవాడు కాడు, కొన్నవాడు కాడు, తాగినవాడు కాడు. మోసినవాడు. మోసినవాడు జైల్లో ఉన్నాడు గదా, మరి కొన్నవాడేడి? తాగినవాడేడి?” అని యడిగెను. ఇరువది యేండ్లుగా కోర్టులలో సాక్షులను ప్రశ్నించుచున్న నాకు ఆ దినమున ఆ ప్రశ్నకు సమాధానము తోచలేదు.

తరువాత ఆలోచింపగా ఆమె యడిగినది తన కుమారుని గూర్చి మాత్రమే కాదని తెలిసినది. మన్యమున మత్తుపదార్థముల చరిత్రమంతయు ఆ ప్రశ్నలోనే యిమిడియున్నది. కావున ఈ పాఠమున కల్లు, నల్లమందు, గంజాయి అను మూడింటిని వరుసగా తీసికొని, ప్రతిదాని విషయమునను మూడు సంగతులు విచారింతము: దానివలన లాభము పొందినవారెవరు? నష్టపడినవారెవరు? దానిని మాన్పింపవలయునన్న బుద్ధి ఎక్కడనుండి పుట్టినది?

2. కల్లు

కొండజాతులవారికి కల్లు క్రొత్తది కాదు. తాటికల్లు, జీలుగుకల్లు, ఇప్పపూవుతో కాచిన సారాయము వారి యిండ్లలో తరతరములుగా నున్నవి. పెండ్లికిని, పండుగకును, చావునకును అవి కావలెను. ధాన్యము తరిగిపోయిన వేసవి నెలలలో జీలుగుకల్లు కొంతవఱకు ఆహారముగాను ఉపయోగపడుచుండెను. ఇది చెప్పుట దానిని సమర్థించుటకు కాదు. త్రాగుడువలన కొండయిండ్లలోను స్త్రీలు దెబ్బలు తినిరి, పిల్లలు పస్తులుండిరి. కాని ఆ కల్లు వారి చెట్టునుండి వారి కుండలోనికి దిగినది. దానిలో అంగడివాడు లేడు, అప్పు లేదు.

1870 దశాబ్దమున దీనిలో సర్కారు జొరబడెను. ఆబ్కారీ నిబంధనలు కొండలకు వచ్చినవి. ఇంటివాడుకకు గీచుకొను కల్లు సయితము నేరమాయెను. కల్లు రాబడిని మైదానపు గుత్తేదార్లకు గుత్తకిచ్చిరి. అంతకు పూర్వమే రంపా మన్సబుదారు చిగురుపన్ను అను పేర కల్లుచెట్లపై పన్ను లాగుచుండెను. ఇప్పుడు మన్సబుదారుని పన్ను, గుత్తేదారుని వసూలు, పోలీసుల లంచము అను మూడును ఒకే చెట్టుపై పడినవి. వీనికితోడు, మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలు పట్టుకొని వచ్చి కొండవారి పశువులను, పంటను జప్తు చేయుచుండిరి. 1879 మార్చిలో రంపాదేశము తిరుగబడెను. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి. అలజడి గొలుగొండ కొండలకును భద్రాచలము ప్రాంతమునకును ప్రాకెను. దాని నణచుటకు సర్కారు సేనలను దింపవలసివచ్చెను.

చదువరులు ఒకటి గమనింపవలెను. ఆనాటి ఆబ్కారీ నిబంధన చూచుటకు త్రాగుడును అదుపు చేయు చట్టమువలె కనబడును. కాని దాని యుద్దేశము త్రాగుడు తగ్గించుట కాదు. త్రాగువాడు సొమ్ము చెల్లించి త్రాగునట్లు చేయుట. ఇంటి కల్లును నేరముగా చేసి, అంగడి కల్లును న్యాయముగా చేసిరి. కొండవారు దీనిని చక్కగా గ్రహించిరి. మనలో చదువుకొన్నవారు చాలకాలము గ్రహింపలేదు.

మద్యమును మాన్పింపవలయునన్న బోధ మైదానమునను కొండలలోను వేఱువేఱు నోళ్ల వినవచ్చినది. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు విద్యార్థులకు శీలశుద్ధితోపాటు మద్యపానవర్జనమును బోధించిరి. కొండలలో సీతారామరాజుగారు బోధించిరి. ఒకరిది కళాశాల, మఱియొకరిది గూడెముల మధ్య. ఉభయులును చెప్పినది చట్టమునుగూర్చి కాదు, మనుష్యుని స్వాధీనతనుగూర్చి.

3. నల్లమందు

గసగసాల కాయను పచ్చిగా నుండగా గీచిన కారు పాలు గట్టిపడగా నల్లమందగును. దీనినే అభిని యందురు. దీని సాగు మన కొండలలో లేదు. ఉత్తరహిందూస్థానమున కుంపిణీవారు, తరువాత సర్కారువారు, రైతులచే గసగసాలు వేయించి, ఆ సరకును తామే కొని, ఘాజీపురము మొదలగుచోట్ల కర్మాగారములలో తయారుచేసి అమ్మించుచుండిరి. చీనాకు దానిని అమ్ముటకై 1839 నుండి 1842 వఱకు ఒక యుద్ధమును, 1856 నుండి 1860 వఱకు మఱియొక యుద్ధమును జరిగినవి. ఒకానొక కాలమున హిందూదేశ ప్రభుత్వపు రాబడిలో సుమారు ఏడవవంతు నల్లమందు మూలముననే వచ్చుచుండెను.

ఎక్కడో ఉత్తరమున తయారైన యీ సరకు లైసెన్సు దుకాణముల ద్వారా గోదావరి, విశాఖపట్టణము మన్యములకు వచ్చెను. మద్రాసు రాజధానిలో నల్లమందు వాడుక యెక్కువగానుండిన ప్రాంతములలో గోదావరి జిల్లా యొకటి. కొండవారు దానిని పీల్చుటకంటె మింగుటయే యెక్కువ. ఎందుకు మింగుచున్నారని యడిగిన, జ్వరము రాకుండుటకనిరి. మన్యపు చలిజ్వరము ఎట్టిదో ఆ కొండలలో ఒక వానకాలము గడపినవారికి తెలియును. మందు లేదు, వైద్యుడు లేడు; ఉన్నది నల్లమందు దుకాణము మాత్రమే.

1893 లో లార్డు బ్రాసీ అధ్యక్షతను నల్లమందు విషయమై రాచకమీషనొకటి నియమింపబడి 1895 లో నివేదిక సమర్పించెను. చలిజ్వరపు ప్రదేశములలో నల్లమందు రక్షణమిచ్చునని అనేక సాక్షులు దానియెదుట చెప్పిరి. కమీషనువారు నిషేధము అవసరము లేదని తేల్చిరి. ఆ నివేదిక వెలువడిన రెండేండ్లకే, 1897 ఆగస్టు 20 న, మన సికింద్రాబాదులోనే రోనాల్డు రాసు అను వైద్యుడు చలిజ్వరపు సూక్ష్మజీవిని దోమ కడుపులో కనుగొనెను. జ్వరమునకు మూలము దోమకాటని తెలియగానే నల్లమందు వాదము కూలినది. కాని దుకాణము కూలలేదు.

నల్లమందు జ్వరమును మాన్పినట్లు ఏల కనబడునో ఇచ్చట వివరించుట మంచిది. అది నొప్పిని అణచును, విరేచనములను కట్టును, దగ్గును తగ్గించును, నిద్ర తెప్పించును. జ్వరములోని బాధయంతయు కొంతసేపు మఱుగుపడును. నెత్తురులోని సూక్ష్మజీవి మాత్రము అట్లేయుండును. కొన్ని నెలలు తినిన తరువాత దేహము దానికి అలవడును. అప్పుడు ఒక పూట మానినచో వడకు, ఒళ్లునొప్పులు, ముక్కు కారుట, విరేచనములు కలుగును. తినువాడు దీనిని చూచి జ్వరము తిరుగబెట్టెనని తలచి మరల నల్లమందే తినును. మందు చేసిన రోగమును రోగము చేసిన బాధగా భ్రమించును. దీనిని బుద్ధిహీనత యనరాదు. సరియైన మందు అందనివాడు అందిన దానిని నమ్మును.

1926 లో ప్రభుత్వము, వైద్యమునకు కాని నల్లమందు ఎగుమతిని ఏటేట పదియవవంతు తగ్గించి పదేండ్లలో ముగింతుమని ప్రకటించెను. అది పరదేశములకు పంపు సరకు మాట. దేశములో తినుటను మాన్పించు నిర్ణయము స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949 లో జరిగెను. ఏటికి పదియవవంతు చొప్పున తగ్గించి 1959 మార్చి 31 నాటికి ముగించిరి. మన్యమున నల్లమందు కథ ముగియుటకు ఆ నిర్ణయమొక్కటియే కారణము కాదు. ఆ దశాబ్దముననే దోమలపై మందుచల్లుటయు, చలిజ్వరమునకు మాత్రలు పంచుటయు సాగినవి. అక్కఱ తీరినచోట అలవాటు సులభముగా విడుచును.

4. జపాను దేశపు ఉదాహరణము

నల్లమందును నిషేధించు ప్రభుత్వమే నల్లమందు అమ్ముట సాధ్యమా? సాధ్యమని చూపుటకు ఇంగ్లీషువారిని మాత్రమే చెప్పుట న్యాయము కాదు. ఆసియాఖండమున మత్తుపదార్థములపై మిక్కిలి కఠినమైన దేశమని పేరుపొందిన జపానును చూతము.

పొరుగున చీనాకు పట్టిన దుర్గతిని జపానువారు కన్నులార చూచిరి. 1858 లో అమెరికాతో చేసికొన్న సంధిలోనే నల్లమందు దిగుమతి కూడదని వ్రాయించుకొనిరి. 1868 లో మెయిజీ ప్రభుత్వము ఏర్పడిన యేటనే దానిని నిషేధించుచు ఆజ్ఞ వెలువడెను. ప్రజలలోను అది దేశమును చెఱచు విషమన్న భావము వేరూనెను. ఇంతవఱకు మెచ్చదగినదే.

1895 లో తైవాను జపాను వశమాయెను. అచ్చట నల్లమందు పీల్చువారు అనేకులు. వారిని క్రమముగా మాన్పింతుమని చెప్పి, 1897 నుండి జపాను ప్రభుత్వము తానే నల్లమందు అమ్మకమునకు గుత్తాధిపత్యము వహించెను. అలవాటుపడినవారికి చీటీలిచ్చిరి, 1900 నాటికి చీటీ పొందినవారు లక్షన్నరకు మించిరి. కాలక్రమమున వారి సంఖ్య తగ్గినమాట నిజమే. ఆ అమ్మకము ఖజానాకు పెద్ద రాబడి యైనమాటయు నిజమే. 1932 లో మంచూరియాలో తమ అదుపులో నొక రాజ్యమును నిలిపినప్పుడు అచ్చటను నల్లమందు గుత్తాధిపత్యమును నెలకొల్పిరి. యుద్ధానంతరము 1946 నుండి 1948 వఱకు టోకియోలో జరిగిన విచారణలో చీనాలో సాగిన యీ వ్యాపారము బయటపడెను. ఇంటిలో విషమన్నదే పొరుగింట సరకాయెను.

ఆ విషయమునకు ఫలము ఇంటిలోనే అనుభవించిరి. 1893 లో నగాయి నగయోషి అను జపాను శాస్త్రజ్ఞుడు ఒక ఉత్తేజకపు మందును తయారుచేసెను. 1941 నుండి ఫిలోపోను అను పేర అది అంగళ్లకు వచ్చెను. నిద్రను, అలసటను పోగొట్టునని సైనికులకును, కర్మాగారపు పనివారికిని యిచ్చిరి. 1945 లో యుద్ధము ముగియగా ఆ నిలువలు వీధులలోనికి వచ్చినవి. ఓటమితో, ఆకలితో కుమిలిన యువకులు దానిని సూదితో ఎక్కించుకొనజొచ్చిరి. 1951 లో ప్రత్యేకచట్టము చేసిరి. అయినను 1954 లో ఆ చట్టము క్రింద పట్టువడినవారు ఏబదియైదువేలకు మించిరి. అప్పుడు శిక్షలను పెంచిరి. దానితోపాటు వ్యసనపరులకు చికిత్స యేర్పాటు చేసిరి, బడులలోను ఊళ్లలోను ప్రచారము జరిపిరి. దేశమున పనులు పెరిగి, యువకులకు కూలి దొరికెను. 1958 నాటికి పట్టువడువారి సంఖ్య కొన్ని వందలకు దిగెను. 1970 దశాబ్దమున వ్యసనము మరల తలయెత్తినను మొదటి కెరటమంత కాలేదు.

ఈనాటికిని జపానువారి వైఖరి కఠినమే. 1948 నాటి గంజాయిచట్టమును 2023 లో సవరించి, గంజాయి సేవించుటయే నేరముగా 2024 డిసెంబరు 12 నుండి అమలు చేయుచున్నారు. ఈ కాఠిన్యమువలన వాడుక తక్కువగానున్నది. కాని వ్యసనపడినవానిని సంఘము వెలివేసినట్లు చూచుటచేత, వాడు వైద్యునియొద్దకు పోవుటకును సిగ్గుపడుచున్నాడను విమర్శ ఆ దేశమునందే కలదు. మనము నేర్వవలసినవి రెండు. మత్తును ద్వేషించు ప్రజాబుద్ధి గొప్పబలము. ఆ బుద్ధి లాభమునకు లొంగినచో, రోగిని ద్వేషించినచో, తన పనిని తానే చెఱచుకొనును.

5. గంజాయి

ఇప్పుడు మరల మన కొండలకు వత్తము. గంజాయి మన దేశమునకు క్రొత్తది కాదు. బైరాగులు, కూలివారు, కొందఱు వైద్యులు దానిని ఎఱుగుదురు. 1893–94 లో సర్కారు నియమించిన గంజాయికమీషను పదునొకండువందలకు మించిన సాక్షులను విచారించి, మితముగా వాడిన హాని స్వల్పమనియు, సంపూర్ణనిషేధము వలదనియు, పన్ను వేసి అదుపులో నుంచుడనియు చెప్పెను. ఆనాటి పరిస్థితులకు ఆ మాట కొంత సరియైయుండవచ్చును. నేడు యువకులు పీల్చుచున్న గంజాయి మత్తుబలము మొగ్గల పెంపకముచేత పెరిగినది. లేతవయస్సున నిత్యము వాడినచో జ్ఞాపకశక్తియు ఏకాగ్రతయు చెడుటయు, కొందఱికి చిత్తభ్రమ కలుగుటయు వైద్యులు చూచుచున్నారు. నూటముప్పది యేండ్ల నాటి నివేదికను చూపి నేటి బాలునికి అభయమీయరాదు.

1985 నవంబరు 14 నుండి మాదకద్రవ్యముల చట్టము దేశమున అమలులో నున్నది. దానిలో గంజాయి యనగా మొక్కయొక్క పూతమొగ్గలు. ఒంటిగా నున్న ఆకులును గింజలును దానిలోనికి రావు. కిలోవఱకు స్వల్పపరిమాణము, ఇరువది కిలోలు మించిన వాణిజ్యపరిమాణము. స్వల్పమునకు ఏడాదివఱకు శిక్ష. వాణిజ్యపరిమాణమునకు పదేండ్లకు తక్కువ కాకుండ ఇరువదేండ్లవఱకు కఠినశిక్ష. అందు జామీను దొరకుట మిక్కిలి దుర్లభము. మొక్కలు పెంచినవానికి పదేండ్లవఱకు శిక్ష. ఈ యంకెలను బట్టి చూడుడు. పట్టణములో చిన్నపొట్లము కొని పీల్చు యువకుడు స్వల్పపరిమాణములోనికి వచ్చును. స్వయముగా చికిత్సకు సిద్ధపడినచో చట్టమతనికి మినహాయింపును చూపుచున్నది. అది మంచిదే. రెండు మూటలు భుజాన వేసికొని కొండ దిగిన కొండదొరబాలుడు ఇరువది కిలోల గీటు దాటును. వానికి మినహాయింపు లేదు. పెట్టుబడి పెట్టినవానికిని అంతే శిక్ష కలదని చట్టములో వ్రాసియున్నది. కాని పెట్టుబడి మూటవలె భుజముపై కనబడదు.

విశాఖమన్యమున చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతములలో గంజాయి సాగు ఇటీవలి దశాబ్దములలో వ్యాపించినది. వెలుపలి వర్తకులు గింజలను, ముందస్తు సొమ్మును తెచ్చిరి. అందుపేరొందిన రకమునకు ‘శీలావతి’ యని పేరు. ఎంతటి సాధ్వి పేరు ఎట్టి మొక్కకు పెట్టిరో చూడుడు. ఆ సరకు కొండదారుల నర్సీపట్టణము, తుని, అనకాపల్లి వైపులకు దిగి, అటనుండి దూరరాష్ట్రములకు పోవుచున్నది. కొయ్యూరు సరిహద్దున నున్న రాజవొమ్మంగి ఆ దారులకు దూరము కాదు.

కొండరైతు దీనికేల లొంగెను? కాఫీమొక్క నాటిన మూడునాలుగేండ్లకు గాని కాపునకు రాదు. మిరియపుతీగయు అట్టిదే. పసుపునకు, రాజ్మాకు ధర సంతలో వర్తకుని నోటిమీద నుండును. గంజాయి ఒక్క కాఱులోనే చేతికి వచ్చును. కొనువాడు ఇంటికే వచ్చును. సొమ్ము ముందే యిచ్చును. అప్పులో నున్నవానికి ముందుసొమ్ము చూపుట ఉచ్చు పన్నుట వంటిది. 1879 నాటి గుత్తేదారుడు కల్లును కొండవానికి అమ్మెను. నేటి వర్తకుడు గంజాయిని కొండవానిచే పండించుచున్నాడు. వస్తువు మారెను, దిక్కు మారెను. ప్రమాదము మాత్రము కొండవానిది, లాభము మైదానపువానిది.

2021 అక్టోబరు చివరను ఆంధ్రప్రదేశ్ పోలీసువారు ‘పరివర్తన’ అను పేర దీనిపై పూనుకొని ఏడువేల యెకరములకు మించిన పంటను నరికించిరి. 2022 ఫిబ్రవరి 12 న అనకాపల్లి సమీపమున కోడూరులో సుమారు రెండులక్షల కిలోల గంజాయిని దగ్ధము చేసిరి. అనేక గూడెములలో రైతులే కత్తులు పట్టి తమ మొక్కలను తామే నరికిరి. 2024 చివరను రాష్ట్రమున ఈగల్ అను ప్రత్యేకదళము ఏర్పడినది. ఇవి అవసరమైన పనులే. అయినను పరివర్తన మనగా మొక్కను నరకుట మాత్రమే కాదు. నరికిన మడిలో మరుసటియేట ఏమి మొలచునన్నదే అసలు ప్రశ్న.

6. రాబడికంటె బలమైన గొంతు

మత్తును మాన్పించు బుద్ధి ఎక్కడనుండి పుట్టునో చూపుటకు మన తెలుగుదేశమున సమీపకాలపు నిదర్శనమొకటి కలదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు ఆ విధముగా దేశమున వ్యాపించినది. వారియొద్ద అధికారము లేదు; చీపురుకట్టలును, పట్టుదలయును ఉన్నవి. ఊరినుండి ఊరికి ప్రాకిన ఆ కదలికకు తలయొగ్గి ప్రభుత్వము 1993 అక్టోబరు 1 నుండి సారాయిని నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధమును వచ్చెను. 1997 లో, ఖజానాకు రాబడి చాలదన్న కారణము చూపి, దానిని సడలించిరి.

ఇక్కడ రెండు సంగతులు ఒకదాని ప్రక్క నొకటి నిలిచియున్నవి. నిషేధము పుట్టినది ఇంటి బాధనుండి. సడలినది ఖజానా బాధనుండి. 1879 లోనైనను, తైవానులోనైనను, 1997 లోనైనను, మత్తువలన వచ్చు సొమ్ముపై ఆధారపడిన ప్రభుత్వము మత్తునకు పూర్ణశత్రువు కాజాలదు. పాలకులు మంచివారా చెడ్డవారా యన్నది ఇచ్చట ప్రశ్న కాదు. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఎంత మంచివాడైనను ఒడ్డు చేరడు.

7. మన విధులు

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి మనవంటి చదువుకొన్నవారు చేయదగిన పనులను క్లుప్తముగా చెప్పుదును.

మొదటిది, గ్రామసభను బలపఱచుట. 1996 నాటి పీసాచట్టము షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకో నియంత్రించుటకో గ్రామసభలకును పంచాయతీలకును అధికారము కల్పించినది. మన రాష్ట్రమున దానికి 2011 లో నియమములు వెలువడినవి. సీతారామరాజుగారు పంచాయతీలో తేల్చుకొనుడని చెప్పినమాట నేడు చట్టములోనే యున్నది. చట్టము మఱియొకవైపు సర్పంచులపైనను, భూస్వాములపైనను దొంగసాగును తెలుపవలసిన బాధ్యత మోపుచున్నది. గ్రామసభ తానుగా తీర్మానించినచో ఆ బాధ్యత చాడీ కాదు, ఊరి మాటయగును.

రెండవది, పంటకు ఆధారము. 1956 లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థవంటివి చింతపండును, తేనెను, కాఫీని కొనుచున్నవి. కాఫీ కాపునకు వచ్చు మూడునాలుగేండ్ల కాలమును రైతు ఎట్లు గడపును? ఆ సంధికాలమునకు వడ్డీలేని ఆధారము కల్పింపక, గంజాయి వేయవద్దని చెప్పుట ఆకలిగొన్నవానికి ఉపవాసవ్రతమును బోధించుటయే.

మూడవది, న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవాచట్టము ప్రకారము షెడ్యూల్డు తెగలవారికి, వారి ఆదాయమెంతయైనను, వకీలు సహాయము ఉచితముగా లభింపవలెను. తూకము, ముద్ర, సాక్షి, సోదా విధానము అను వానిలో ఎక్కడ లోపమున్నను వాని బిడ్డ పక్షమున అడుగువాడొకడుండవలెను. నేరస్థుని తప్పించుటకు కాదు. మూట మోసినవానిని మూట యజమానుడని తీర్పు చెప్పకుండుటకు.

నాలుగవది, రోగిని రోగిగా చూచుట. వ్యసనములో నున్న బాలుని తండ్రి పరువు పోవునని దాచును. దాచినందున రోగము ముదురును. చికిత్సా సలహాకు 14446 అను ఉచితసంఖ్యయు, మన రాష్ట్రమున సమాచారము తెలుపుటకు 1972 అను సంఖ్యయు కలవు. సిగ్గుపడవలసినది చికిత్స చేయించుట కాదు, చేయింపకుండుట.

అయిదవది కష్టతరము. మన యింటిని మనము చూచుకొనుట. రాజవొమ్మంగి కొండలలో గంజాయి త్రాగువారు ఎంతమంది? కొండ దిగిన మూటలలో అధికభాగము పట్టణములకు పోవుచున్నది. అచ్చట కళాశాలల వసతిగృహములలో, అద్దెగదులలో చదువుకొనుచున్నవారు మన బిడ్డలు. మన విందులలో సీసాలు తెఱచి, కొండవాని త్రాగుడును గూర్చి ఉపన్యసించుట మనకు చెల్లదు.

8. ముగింపు

ఆ తల్లి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలను. అమ్మా, కొన్నవాడు పట్టణములో నున్నాడు. వానికి పేరు తెలియకుండుటకు తగిన సొమ్ము కలదు. త్రాగినవాడు మా యింటిలోనే యుండవచ్చును. వానిని మేము చూడలేదు, చూచినను చెప్పలేదు. నీ కుమారుడు కొండదారిని మోసినందున కనబడెను.

ఈ సమాధానము ఆమె కుమారుని విడిపింపదు. వాడు చేసినది నేరమే. శిక్షకు పాత్రుడే కావచ్చును. కాని కనబడినవానిని శిక్షించి, కనబడనివారిని మఱచుట నిషేధము కాదు, సుంకమువంటిది; దానిని ఎప్పుడును బీదవాడే చెల్లించుచున్నాడు. కల్లు, నల్లమందు, గంజాయి అను మూడు కాలములలోను ఆ సుంకము కొండలనుండియే వసూలైనది. దానిని ఆపు పని ఠాణాలో మొదలుకాదు. గూడెములోని సభలో కొంతయు, మన యింటి భోజనపుబల్లయొద్ద కొంతయు మొదలుకావలెను.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. 1870 దశాబ్దపు ఆబ్కారీ నిబంధనకును, త్రాగుడు మాన్పింపగోరు చట్టమునకును భేదమేమి?

2. చలిజ్వరమునకు నిజమైన మందు తెలిసినను నల్లమందు దుకాణము వెంటనే మూతపడకపోవుటకు కారణములేవి?

3. జపాను తన దేశమున ఒక నీతిని, తైవానులో వేఱొక నీతిని పాటించెను. మన సంఘములో మైదానమునకు ఒక నీతి, మన్యమునకు ఒక నీతి ఎక్కడెక్కడ కనబడుచున్నది?

4. మీ గ్రామమున లేక మీ పేటలో మత్తుపదార్థములవలన లాభము పొందుచున్నవారెవరు? వారిలో మీరు గౌరవించువారెవరైనను కలరా?